ఫ్రాన్సు డొంకల్లో సైకిలు ప్రయాణం

పిల్లలూ, మీ ఊళ్లో డొంక ఉన్నదా? గోదావరి జిల్లాల పిల్లలయితే దాన్ని పుంత అంటారు. కొన్నిచోట్ల బండ్లబాట అంటారు. పేరు ఏదయినా సంగతి ఒకటే. ఊళ్లోంచి చేలమీదికి, చేలమీదుగా పొరుగూరికి పోయే మట్టిదారి అది. రెండు పక్కలా కంపచెట్లు, మధ్యన బండిచక్రాలు తొక్కిన రెండు గాళ్లు. తారు ఉండదు, బస్సు రాదు. ఆవుల మందా, మేకల మందా, కావిడి మోసేవాడూ, బడికి పోయే పిల్లలూ, వీళ్లదే ఆ దారి.

ఇటువంటి డొంకలు ఫ్రాన్సు దేశంలోనూ ఉన్నవి. ఫ్రాన్సు అనగానే మనకు పారిస్ నగరమూ, ఈఫిల్ గోపురమూ జ్ఞాపకం వస్తాయి. కాని ఆ దేశంలో సుమారు 35 వేల కమ్యూన్లు ఉన్నవి. కమ్యూను అంటే మన పంచాయతీ వంటిది. పట్టణాలు కూడా ఆ లెక్కలోవే అయినా, చాలా భాగం చిన్న పల్లెలే. గుట్టమీద ఒక చర్చి, దాని చుట్టూ పాతిక యాభై ఇళ్లు, చుట్టూ గోధుమచేలో ద్రాక్షతోటలో, ఒక్కొక్క పల్లె ఇంతే ఉంటుంది. ఒక పల్లె గంట మోగితే పక్క పల్లెకు వినబడుతుంది. వీటి మధ్యనే ఆ డొంకలు. (ఫ్రెంచివారు మనకు బొత్తిగా పరాయివారేం కారు. కాకినాడకు దగ్గరలో ఉన్న మన యానాం 1954 దాకా వారి ఏలుబడిలోనే ఉండేది.)

ఈ డొంకల్లో ఇప్పుడు ఒక కొత్తరకం సైకిలు తిరుగుతున్నది. దాన్ని గ్రావెల్ సైకిలు అంటారు. గ్రావెల్ రోడ్డు అనే మాట మీరు పంచాయతీవాళ్ల నోట వినే ఉంటారు, అదే ఈ గ్రావెల్. చూడటానికి ఇది పందెం సైకిలులాగే ఉంటుంది. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లాగా కిందికి వంగి ఉంటుంది. ఊచలు సన్నం, బరువు తక్కువ. ఒక్క టైరు మాత్రం పందెం సైకిలుది కాదు. అది లావుగా, కాస్త మెత్తగా ఉంటుంది. తక్కిన కథంతా ఆ టైరులోనే ఉన్నది గనుక ముందు దాని సంగతి చూద్దాం.

గట్టిగా గాలికొట్టిన టైరు తేలికగా పోతుందని మనందరికీ నమ్మకం. నున్నటి తారురోడ్డుమీద అది చాలావరకు నిజమే. కంకరమీద నిజం కాదు. ఎందుకో లెక్క వేద్దాం. పలకా బలపం తీయండి.

సైకిలూ, మనిషీ, మూటా కలిసి 80 కిలోలు అనుకుందాం. ఒక్కొక్క చక్రంమీద 40 కిలోలు పడుతుంది. (వెనక చక్రంమీద కొంచెం ఎక్కువే పడుతుంది గాని లెక్క సులువుకోసం సమానమే అనుకోండి.) టైరులో గాలి ఒక చదరపు సెంటీమీటరుకు 7 కిలోల చొప్పున నెడుతున్నది. అప్పుడు 40 కిలోలు మొయ్యటానికి ఎంత టైరు నేలను తాకాలి? 40ని 7తో భాగించండి. సుమారు 6 చదరపు సెంటీమీటర్లు. ఒక చిన్న తపాలాబిళ్లంత! ఇప్పుడు అదే టైరును లావు చేసి, గాలిని రెండున్నర కిలోలకు తగ్గించండి. 40ని రెండున్నరతో భాగిస్తే 16 చదరపు సెంటీమీటర్లు. అంటే నేలను పట్టుకునే చోటు రెండున్నర రెట్ల పైమాటే.

ఇక దారిలో ఒక గులకరాయి వచ్చిందనుకోండి. గట్టి టైరు దానిమీదికి ఎక్కుతుంది. టైరు ఎక్కితే చక్రం ఎక్కాలి, చక్రం ఎక్కితే సైకిలు ఎక్కాలి, సైకిలుతో పాటు మీరూ ఎగరాలి. రాయి రాయికీ ఇంత బరువును ఎత్తి దించే శక్తి ఎక్కడినించి వచ్చింది? మీ కాళ్లు తొక్కి సంపాదించిన వేగంలోంచే. మెత్తని టైరు ఆ పని చెయ్యదు. రాయిని తన కడుపులోకి తీసుకుంటుంది. రబ్బరు ఒకచోట నొక్కుకుపోతుంది, మనిషి ఎగరడు, వేగం పెద్దగా తగ్గదు. రాయి దాటగానే రబ్బరు మళ్లీ మామూలయిపోతుంది.

అలాగని గాలి మరీ తీసేస్తే ప్రమాదం. రాయికీ చక్రపు అంచుకూ మధ్య ట్యూబు నలిగి, పక్కపక్కన రెండు చిల్లులు పడతవి. సైకిలు తొక్కేవాళ్లు దీనికి పెట్టుకున్న పేరు ‘పాముకాటు’. ఈ బాధ లేకుండా గ్రావెల్ సైకిళ్లలో చాలావాటికి ఇప్పుడు ట్యూబే తీసేశారు. టైరులో పాలవంటి ద్రవం కొంచెం పోస్తారు. ముల్లు గుచ్చుకుంటే ఆ ద్రవం వచ్చి చిల్లులో గడ్డకట్టి దాన్ని మూసేస్తుంది.

మీరు దీన్ని నమ్మనవసరం లేదు. చేసి చూడండి. బండ్లు రాని, కాస్త ఏటవాలుగా ఉన్న మట్టిదారి ఒకటి వెతకండి. పెద్దవారిని ఒకరిని తోడు పిలవండి. పైన ఒక గీత గీసి, అక్కడినుంచి తొక్కకుండా సైకిలును జారనివ్వండి. ఎక్కడ ఆగితే అక్కడ ఒక పుల్ల పాతండి. ఇలా మూడుసార్లు. తర్వాత రెండు టైర్లలోనూ కొంచెం గాలి తీసి మళ్లీ మూడుసార్లు. మనిషి మారకూడదు, కూచునే తీరు మారకూడదు, గాలి వీచేరోజు పనికిరాదు. ఇదే పరీక్ష తారురోడ్డు వాలుమీద కూడా చేసి, రెండింటినీ పోల్చి నోటుబుక్కులో రాసుకోండి. మట్టిమీద ఎంత గాలి తగునో మీకే తెలుస్తుంది.

అన్నట్టు, పాలవారు బిందెలు తగిలించుకుపోయే నల్లటి పెద్దసైకిలు మీరు చూసే ఉంటారు. దాని టైరు పక్కన ఏమి రాసి ఉన్నదో చదవండి. 28, తర్వాత ఒకటిన్నర అని ఉంటుంది. ఒకటిన్నర అంగుళం అంటే 38 మిల్లీమీటర్లు. గ్రావెల్ సైకిలు టైరు సాధారణంగా 38 నుంచి 45 మిల్లీమీటర్లు ఉంటుంది. కొత్త, కొత్త అంటున్నారు గాని, ఆ వెడల్పు టైరుమీద మన పాలవాళ్లు ఏళ్ల తరబడి పుంతల్లో తిరుగుతూనే ఉన్నారు!

ఫ్రాన్సులో కూడా ఇది పాత సంగతే. గాలి టైరును 1888లో బెల్‌ఫాస్ట్ నగరంలో జాన్ డన్‌లప్ అనే పశువైద్యుడు కొడుకు మూడుచక్రాల బండికోసం చేశాడు. ఆ టైరును చక్రానికి జిగురుతో అంటించేవారు. పంక్చరయితే ఊడదీయటానికీ, మళ్లీ అంటించి ఆరబెట్టటానికీ ఒక పూట పట్టేది. ఫ్రాన్సులో క్లెర్మాఁ ఫెరాఁ అనే ఊళ్లో ఉన్న మిషెలిన్ సోదరులు 1891లో సులువుగా ఊడివచ్చే టైరు తయారుచేశారు. ఆ ఏడే పారిస్ నుంచి సముద్రం ఒడ్డున ఉన్న బ్రెస్త్ పట్టణానికి వెళ్లి తిరిగి పారిస్ చేరే పందెం పెట్టారు. దాదాపు 1,200 కిలోమీటర్లు. షార్ల్ తెరాఁ అనే ఆయన మిషెలిన్ టైర్లమీద మూడు పగళ్లూ మూడు రాత్రులూ నిద్రపోకుండా తొక్కి గెలిచాడు. ఆ రోజుల్లో ఆ దారి పొడుగునా తారన్నది లేదు. అంతా కంకరే, దుమ్మే.

టైరు తర్వాత చెప్పుకోవలసింది గేరు. సేంట్ ఎతియెన్ అనే ఊళ్లో పాల్ ద వివి అనే పెద్దమనిషి ఉండేవాడు. 1853లో పుట్టి 1930లో పోయాడు. వెలోసియో అనే మారుపేరుతో సైకిళ్ల పత్రిక నడిపాడు. మాంసం ముట్టేవాడు కాదు. లోకానికంతకూ ఒకే భాష ఉండాలని కల్పించిన ఎస్పరాంటో భాష మాట్లాడేవాడు. ఆయన ఊరిచుట్టూ కొండలే. ఒకే గేరుతో కొండ ఎక్కటమంటే మోకాళ్లు పోగొట్టుకోవటమే. ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనకదానికి 18 ఉన్నవనుకోండి. ఒకసారి పెడల్ తిప్పితే వెనకచక్రం ఇంచుమించు రెండున్నరసార్లు తిరిగి, సైకిలు అయిదు మీటర్లకు పైగా పోతుంది. చదును నేలమీద బాగానే ఉన్నది. కొండమీద అదే భారం. వెనక 40 పళ్లూ, ముందు 40 పళ్లూ ఉంటే? ఒక తిప్పుకు ఒక చుట్టే. రెండు మీటర్ల పైచిలుకు మాత్రమే కదులుతుంది గాని కాలికి సులువు. నిచ్చెన మెట్లు దగ్గర దగ్గరగా వేసినట్టు. అవసరాన్నిబట్టి గేరు మార్చుకునే సైకిలు కావాలని వెలోసియో జీవితమంతా వాదించాడు. టూర్ ద ఫ్రాన్స్ పందెం నడిపేవారు మాత్రం అది ముసలివాళ్లకు పనికొచ్చే సరుకని ఈసడించి, గొలుసును ఒక పళ్లచక్రం మీదినుంచి మరొకదానిమీదికి నెట్టే యంత్రాన్ని 1937 దాకా పందెంలోకి రానివ్వలేదు. కొండలు ఎక్కటం తెలిసినవాడు వెలోసియోనే అని నా అభిప్రాయం.

సైకిలు తయారయింది. ఇక దారులకు పోదాం.

పారిస్‌కు ఆగ్నేయంగా ట్రువా అనే పట్టణం ఉన్నది. ఆ ప్రాంతపు నేల సున్నపురాయీ, సుద్దా కలిసిన నేల. మనం పలకమీద రాసే సుద్దముక్కలాంటిదే. అందుచేత అక్కడి ద్రాక్షతోటల మధ్య డొంకలు తెల్లగా, ఎండకు కళ్లు చెదిరేట్టు మెరుస్తవి. వాటిని ‘తెల్లబాటలు’ అంటారు. 2022లో ఆడవారి టూర్ ద ఫ్రాన్స్ ఈ బాటలమీదుగా సాగింది. 2024 జులై 7న మగవారి పందెం కూడా ట్రువాలో బయలుదేరి ట్రువాకే తిరిగివచ్చింది. 199 కిలోమీటర్లలో 14 ముక్కలుగా, మొత్తం 32 కిలోమీటర్లు తెల్లబాటలే. ఆ రోజు గెలిచినవాడు ఫ్రాన్సుకు చెందిన ఆంతొనీ తుర్జిస్. టీవీలో చూస్తే వెనకపడినవాళ్ల మొహాలు పిండిమరలో పనిచేసేవాళ్ల మొహాల్లాగా కనిపించినవి.

కంకరబాటకు బండ్లు అంత శత్రువు కావు, నీళ్లే అసలు శత్రువు. నీళ్లు నిలిస్తే నేల నానుతుంది, నానినచోట చక్రం దిగబడుతుంది, దిగబడినచోట మళ్లీ నీళ్లు నిలుస్తవి. ఈ సంగతి బాగా గ్రహించినవాడు పియేర్ త్రెజగే అనే ఫ్రెంచి ఇంజనీరు. ఆయన 18వ శతాబ్దంలో అడుగున పెద్దరాళ్లు పేర్చి, వాటిమీద చిన్నరాళ్లు వేసి, పైన ఇంకా సన్నగా కొట్టిన గట్టిరాళ్లు పరిచి, బాట నడుము కాస్త ఎత్తుగా ఉండేట్టు రోడ్లు వేయించాడు. వాన పడితే నీళ్లు రెండు పక్కలకూ జారిపోయేవి. అంతటితో సరిపెట్టక, ఎప్పటికప్పుడు గుంటలు పూడ్చే మనుషులు ఉండాలని కూడా చెప్పాడు. ఫ్రాన్సులో అలా ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క మనిషిని పెట్టే పద్ధతి చాలాకాలం నడిచింది. మీ ఊరి గ్రావెల్ రోడ్డు మొదటి వానకే ఎందుకు పోయిందో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది.

ఇంత శ్రద్ధగా వేసిన దారులు పెద్దపెద్ద ఊళ్ల మధ్యవి. గ్రావెల్ సైకిళ్లు ఎక్కువగా తిరిగేవి వేరే పనికి పుట్టి, ఆ పని తీరిపోయిన దారులమీద. వాటిలో మూడింటి సంగతి చెబుతాను.

మొదటిది కాలువగట్టు. దక్షిణ ఫ్రాన్సులో తులూజ్ నగరం నుంచి మధ్యధరా సముద్రం దాకా 240 కిలోమీటర్ల కాలువ ఉన్నది. పేరు కెనాల్ ద్యు మిది. తవ్వించినవాడు పియేర్ పాల్ రికే. ఆయన ఇంజనీరు కాడు, ఉప్పుపన్ను వసూలుచేసే అధికారి. కాలువ తవ్వటానికి చిక్కు ఎక్కడ వచ్చిందంటే, దారి మధ్యలో ఒక మిట్ట ఉన్నది. మిట్టమీదికి నీళ్లు ఎలా ఎక్కుతవి? నల్లకొండలనే పర్వతాలలో పుట్టే వాగుల నీటిని ఆపి, పిల్లకాలువల ద్వారా ఆ మిట్టమీదికే తెచ్చి పోశాడు రికే. అక్కడినుంచి నీళ్లు ఒకపక్క పడమటికి, ఒకపక్క తూర్పుకు పారుతవి. ఆ చోటు పేరు నోరూజ్. 1666లో పని మొదలయింది. ఒక దశలో 12 వేలమంది పనిచేశారు. రికే 1680లో చనిపోయాడు. 1681లో కాలువ తెరిచారు. ఒక్క ఏడాది ఆగి ఉంటే కళ్లారా చూసుకునేవాడు.

అప్పట్లో పడవలకు యంత్రాలు లేవు. గుర్రాలు గట్టుమీద నడుస్తూ తాడుతో పడవను లాగేవి. ఆ గుర్రాల దారే ఈనాటి సైకిలు దారి. తులూజ్ వైపున కొంతదూరం తారు వేశారు. తర్వాత చాలాచోట్ల మట్టి, కంకర, చెట్లవేళ్లు. నీడకు మాత్రం లోటులేదు. కాలువ పొడుగునా 42 వేల ప్లేన్ చెట్లు ఉండేవి. ‘ఉండేవి’ అని ఎందుకు అన్నానంటే, 2006లో ఆ చెట్లకు ఒక బూజుతెగులు పట్టినట్టు కనిపెట్టారు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో అమెరికానుంచి వచ్చిన మందుగుండు పెట్టెల చెక్కతో ఆ తెగులు ఫ్రాన్సుకు చేరిందని చెబుతారు. మందు లేదు. పట్టిన చెట్టును నరికి కాల్చటం ఒకటే దారి. వేలకువేలు కొట్టేశారు. వాటిచోట వేరే జాతుల మొక్కలు నాటుతున్నారు. ఇప్పుడు ఆ గట్టుమీద పోయేవాడికి కాసేపు చల్లని పందిరికింద పోయినట్టూ, కాసేపు ఎండలో పోయినట్టూ ఉంటుంది. ఆ మొక్కలు ఎదిగి నీడ ఇచ్చేసరికి మీరు నా వయసువాళ్లు అవుతారు.

రెండవది రైలు లేని రైలుదారి. ఆర్దెష్ అనే కొండసీమలో ఎరియె నది లోయవెంట మీటరు వెడల్పు పట్టాలమీద పొగబండి నడిచేది. 1968లో దాన్ని మూసేశారు. పట్టాలు పోయినవి గాని కట్ట మిగిలింది, వంతెనలు మిగిలినవి, స్టేషన్లు మిగిలినవి. ఆ కట్టమీద సన్నకంకర పరిచి నడిచేవారికీ, సైకిళ్లకూ వదిలారు. కొమ్మదారితో కలిపి సుమారు 90 కిలోమీటర్లు. దానికి ‘దోల్చే వియా’ అని పేరు పెట్టారు. తియ్యనిబాట అన్నమాట. ఎందుకు తియ్యన? ఇనుపపట్టాలమీద ఇనుపచక్రం ఇట్టే జారిపోతుంది గనుక, రైలు నిటారుగా ఎక్కలేదు. అందుకని వేసినవాళ్లు కొండను చుట్టిచుట్టి, నూరు మీటర్లకు రెండు మూడు మీటర్లు మించకుండా కట్ట పోశారు. రోన్ నది ఒడ్డున లా వుల్త్ దగ్గర బయలుదేరినవాడు, తనకు తెలియకుండానే పైకి పోయిపోయి, సముద్రమట్టానికి వేయి మీటర్లపైన ఉన్న సేంట్ అగ్రెవ్ చేరుతాడు. ఇరుపక్కలా చెస్ట్‌నట్ చెట్ల అడవులు.

మూడవది గొర్రెలబాట. దక్షిణాన సెవెన్న్ అనే కొండలున్నవి. వేసవిలో కింది మైదానాల్లో గడ్డి ఎండిపోతుంది. గొర్రెలకాపరులు మందలను తోలుకుని చల్లని కొండలమీదికి పోతారు. వందల ఏళ్లుగా గొర్రెల గిట్టలు తొక్కగా కొండల వెన్నుమీద ఏర్పడ్డ బాటలను ‘ద్రాయ్’ అంటారు. రాళ్లబాటలు. కొన్నిచోట్ల సైకిలు దిగి, సైకిలునే మోసుకుపోవాలి. 1878లో ఈ కొండల్లో ఒక ఆంగ్ల రచయిత, స్కాట్లండువాడు, ఒక ఆడగాడిదమీద మూట వేసుకుని పన్నెండు రోజులు నడిచాడు. గాడిద పేరు మొదెస్తీన్. మొదట్లో అది అడుగు ముందుకు వేసేది కాదు. కడకు దాన్ని అమ్మేసినప్పుడు ఆయనే ఏడ్చాడు. ఆయన రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్. ‘ట్రెజర్ ఐలండ్’ రాసిన స్టీవెన్‌సనే. ఆయన నడిచిన దారిలో ఈనాటికీ మనుషులు నడుస్తారు. గాడిదను అద్దెకు తీసుకుని నడిచేవారూ ఉన్నారు.

కొండల్లో మందలున్నచోట ఒక జాగ్రత్త. ఫ్రాన్సులో తోడేళ్లు పూర్తిగా నశించిపోయి, 1992లో ఇటలీవైపునుంచి మళ్లీ వచ్చినవి. అప్పటినుంచీ కాపరులు తెల్లటి పెద్దకుక్కలను మందతోనే పెంచుతున్నారు. పాతూ అంటారు వాటిని. గొర్రెల మధ్యనే పుట్టి పెరిగిన ఆ కుక్కకు సైకిలు కూడా తోడేలే. వేగంగా పారిపోబోతే వెంటపడుతుంది. సైకిలు దిగి, సైకిలును మనకూ దానికీ మధ్య ఉంచుకుని, మందకు దూరంగా, నెమ్మదిగా నడిచిపోవాలి. అరవకూడదు, రాయి విసరకూడదు. అది తన పని తాను చేస్తున్నది.

పల్లెల్లో తిండీ నీళ్లూ ఎలాగంటారా? మధ్యాహ్నం పన్నెండుకు చాలా దుకాణాలు మూసి రెండింటికో, ఇంకా ఆలస్యంగానో తెరుస్తారు. సోమవారంనాడు రొట్టెల దుకాణం కూడా మూసి ఉండవచ్చు. తెలిసినవాడు పొద్దున్నే రొట్టె కొని సంచిలో పెట్టుకుంటాడు. నీళ్లకు మాత్రం ఒక చిత్రమయిన ఉపాయం ఉన్నది. శ్మశానం! సమాధులమీద పూలమొక్కలకు పోయటానికి దాదాపు ప్రతి శ్మశానంలోనూ కుళాయి ఉంటుంది. సైకిలుమీద పోయేవారు అక్కడ ఆగి సీసా నింపుకుంటారు. తాగరాదని పలక కట్టి ఉంటే మాత్రం ముట్టరు.

ఇంతవరకూ చెప్పినవి పేరుమోసిన దారులు. వాటిని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటారు. పేరులేని డొంకల గతి వేరు. ఫ్రాన్సులో వాటిని ‘షెమాఁ రురాల్’ అంటారు. పల్లెబాట అని అర్థం. ఈ బాట కమ్యూనుదే, కాని జనం నడిచినన్నాళ్లే దానికి బాట అనే హోదా. జనం వాడటం మానేస్తే కమ్యూను విచారణ జరిపి దాన్ని అమ్మేయవచ్చు. మరొక ప్రమాదం కూడా ఉన్నది. పక్కచేని ఆసామి ఏటేటా ఒక్కొక్క చాలు లోపలికి దున్నుతాడు. మన ఊళ్లలో జరగనిదేం కాదు గదా! అలా ముప్ఫై ఏళ్లు తన సొంతంలాగా అనుభవిస్తే, అది తనదేనని న్యాయస్థానంలో వాదించే హక్కు అక్కడి చట్టం ఇచ్చింది. రెండవ ప్రపంచయుద్ధం తర్వాత ట్రాక్టర్లు వచ్చినప్పుడు చిన్నచిన్న మళ్లను కలిపి పెద్దకమతాలు చేశారు. పంట పెరిగింది. ఆ ఊపులో గట్లమీది కంచెలూ, వాటిలోని పిట్టగూళ్లూ, కంచెల మధ్య డొంకలూ చాలా చెరిగిపోయినవి. పాతపటంలో చుక్కలగీత ఉంటుంది. అక్కడికి పోయి చూస్తే మొక్కజొన్న చేను.

2022 ఫిబ్రవరిలో ఒక కొత్త చట్టం వచ్చింది. కమ్యూను తలచుకుంటే తన పల్లెబాటలన్నిటికీ జాబితా రాయవచ్చు. ఆ జాబితా రాసే కాలంలో ముప్ఫై ఏళ్ల లెక్క ముందుకు సాగదు. కాని కాగితంమీద రాసినంతమాత్రాన ముళ్లకంప పెరగటం మానదు గదా. అందుకని ఆదివారాలు కత్తులూ, రంపాలూ పట్టుకుని డొంకలు శుభ్రంచేసే పల్లెవాళ్లు ఉన్నారు. నడిచేవారూ, గుర్రాలవారూ తిరగటం తగ్గిన డొంకల్లో ఇప్పుడు మళ్లీ చక్రాల జాడలు పడుతున్నవి. బురదమీద టైరు అచ్చు పడినచోట, ఈ దారిని ఎవరూ వాడటంలేదని అనటం అంత సులువు కాదు.

చివరగా పడమటి కొసన ఉన్న బ్రెతాన్ దేశానికి పోదాం. అది ఫ్రాన్సులోని భాగమే అయినా, అక్కడివారికి ఫ్రెంచికి ఏమాత్రం పోలికలేని సొంతభాష ఒకటి ఉన్నది. బ్రెతొన్ భాష. ఒకకాలంలో బళ్లో ఆ భాష మాట్లాడిన పిల్లవాడి మెడలో చెక్కముక్కో, పాతచెప్పో తగిలించి సిగ్గుపరిచేవారు. ఇంకొకడు ఆ మాట మాట్లాడి పట్టుబడేదాకా అది వీడి మెడలోనే ఉండాలి. బడిపంతులుగా బతికినవాణ్ణి గనుక ఈ సంగతి రాయటానికే నాకు కష్టంగా ఉన్నది. క్రమంగా తల్లులు పిల్లలతో ఆ భాషలో మాట్లాడటం మానుకున్నారు. నడవని డొంకకు ఏమవుతుందో ఆ భాషకూ అదే అయింది. 1977లో కొందరు పెద్దలు బ్రెతొన్‌లోనే చదువుచెప్పే బళ్లు మొదలుపెట్టారు. వాటి పేరు దివాన్. మొలకెత్తటం అని దాని అర్థం. బళ్లు పెట్టారు గాని డబ్బు చాలలేదు.

లన్నిలిస్ అనే ఊళ్లో ఝాఁ పాల్ మెలువే అనే ఆయన ఆ బడికి డబ్బు కూడబెట్టటానికి 1984లో ఒక సైకిలు పందెం పెట్టాడు. ఊరిచుట్టూ ఉన్నవి డొంకలే గనుక డొంకల్లోనే పెట్టాడు. బ్రెతొన్ భాషలో డొంకను ‘రిబిన్’ అంటారు. పొలాల మధ్య, సముద్రం పక్కన, బురదా గులకరాళ్లూ ఉన్న రిబిన్లు. మొదట నవ్వినవాళ్లు ఉన్నారట. ఇప్పుడు ఆ పందేనికి పెద్దపెద్ద జట్లు వస్తున్నవి. దాదాపు 200 కిలోమీటర్లు తొక్కుతారు. పేరుపొందిన సైకిలువీరులు ఆ రిబిన్లలో పంక్చర్లు వేయించుకుని, చక్రం చేతపట్టుకుని నిలబడి ఉంటారు. పందెం పేరు త్రో బ్రో లెయోన్.

గెలిచినవాడికి ఇచ్చే బహుమానం సంగతి అలా ఉంచండి. బ్రెతాన్‌లో పుట్టినవాళ్లలో అందరికంటే ముందు వచ్చినవాడికి మాత్రం ఒక పందిపిల్లను ఇస్తారు. బొమ్మ కాదు, బతికున్న పందిపిల్లే! ఒళ్లంతా దుమ్ముతో, గింజుకుంటున్న ఆ పిల్లను చంకన పెట్టుకుని అతను ఫోటోకు నిలబడాలి.